ఖాళీ ఇసుక

1838లో డాగేర్ పారిస్‌లో ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. పట్టపగలు, బళ్లూ మనుషులూ తిరుగుతున్న వీధి. ఫోటోలో మాత్రం దాదాపు నిర్మానుష్యం. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది, కదిలేవాళ్లంతా చెరిగిపోయారు. మిగిలింది బూట్లు పాలిష్ చేయించుకోడానికి ఒకచోట నిలబడ్డ మనిషి, అతని కాళ్ల దగ్గర మసకగా ఇంకొకడు.

నా కెమెరాకి సెకనులో వెయ్యో వంతు చాలు. అయినా భవనాల్ని తీసేవాళ్లం మనుషులు ఫ్రేములోంచి పోయేదాకా ఆగుతాం. పాత పారిస్ వీధుల్ని అట్జే తెల్లవారుజామున తీసిన ఫోటోలంటే నాకు ప్రాణం. కానీ అప్పుడు సాంకేతిక పరిమితి చేసిన పని, ఇప్పుడు మన అభిరుచి చేస్తోంది. ఆ తేడా చిన్నది కాదనిపిస్తుంది.

చీరాల పక్కన వాడరేవులో కొన్నేళ్లుగా ఒకే చోట నిలబడి ఫోటోలు తీస్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి తీస్తే ఇసుక, నీళ్లు, ఆకాశం. రిసార్టు బ్రోచర్లో అచ్చంగా పెట్టుకోవచ్చు. ఉదయం అదే చోట పడవలు ఒడ్డుకొస్తాయి, చేపల పాట నడుస్తుంది, బుట్టలు, ఐసు, ఆటోలు. తర్వాత వలలు బాగుచేసుకుంటారు, చేపలు ఎండేస్తారు. గోడల్లేవు గానీ అదొక బజారు, వర్క్‌షాపు, గోడౌను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో, ఇంజను పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. అప్పుడది షెడ్డు. వీటిలో ఏ ఫోటో వాడరేవు?

ఒకసారి బుట్టతో వస్తున్న పెద్దావిడ, "తీస్తే తీశావుగానీ బాబూ, పక్కకి జరుగు, దారిలో నించున్నావు" అంది. నాకు ఫోర్‌గ్రౌండ్‌గా కనపడే ఇసుకలో ఆవిడకి దారుంది.

ఇది సౌందర్యశాస్త్రం గొడవ మాత్రమే అయితే వదిలేద్దును. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో, జనసాంద్రతను బట్టి, పోటు గీత నుంచి 50 మీటర్లో 200 మీటర్లో కట్టడాలు నిషిద్ధం. మత్స్యకారుల ఉమ్మడి స్థలాల్ని, చేపలు ఎండబెట్టే చోట్లని మ్యాపుల్లో చూపించాలని 2011 నోటిఫికేషనే చెప్పింది. చూపించాలంటే ముందు అవి ఎవరికైనా కనపడాలి కదా. రెండుగంటల ఫోటో చూసినవాడికి అక్కడ ఏమీ లేదు. ఏమీ లేని చోట ఏదైనా కట్టొచ్చు.

ఖాళీ అంటే ఎప్పుడూ ఎవరూ లేకపోవడం కాదని చీరాలకి బాగా తెలుసు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం చీరాల-పేరాల వదిలి, ఊరి బయట రామనగరం కట్టుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ ఏడాది అక్కడి వీధుల్ని అట్జేలా తీసుంటే ప్రశాంతంగా, అందంగా వచ్చేవి. ఊరు ఎందుకలా ఉందో ఫోటో చెప్పేది కాదు.

మరి జనంతోనే తీద్దామా? అదీ అంత సులువు కాదు. పొద్దున్నే కష్టపడేవాళ్ల ముఖాలు నా హార్డ్‌డిస్కులో ఎందుకుండాలి? అడగకుండా తీస్తే దొంగతనంలా ఉంటుంది. అడిగితే పని మానేసి షర్టు సర్దుకుంటారు. అందుకని ఇప్పుడు ఎక్కువగా కిందకి చూస్తున్నాను: పడవ లాగిన చాళ్లు, తాళ్లు, పొలుసులు, ఆ పెద్దావిడ దారి. ప్రతి ఫోటో పేరులో తేదీతో పాటు గంట కూడా రాస్తాను. ఎవరైనా రెండుగంటల ఫోటో అడిగితే ఉదయం ఆరుదీ కలిపే పంపుతాను, రెండూ వేస్తేనే వేసుకోమని. ఒకటి చాలన్నవాళ్లకి ఇంతవరకూ ఇవ్వలేదు.