ఉచితం వేరు, హక్కు వేరు

ఏమీ లేనివాడికి కొంచెం ఇస్తే తప్పేముంది? వినడానికి ఎంతో న్యాయంగా ఉండే ఈ ప్రశ్న విప్పి చూస్తే చాలా చిక్కులతో కూడుకున్నది. సాంకేతిక విజ్ఞాన ఫలితాలు దేశాల మధ్య ఎలా పంపకమవుతున్నాయో ఆలోచించేవారు దీనికి జవాబు చెప్పుకోక తప్పదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ 2024లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నారు. సంపన్న దేశాల్లో నూటికి 93 మంది దానిని వాడుతుంటే, అతి పేద దేశాల్లో 27 మంది మాత్రమే వాడగలుగుతున్నారు. ఈ అంతరాన్ని తొలగిస్తామంటూ పెద్ద పెద్ద కంపెనీలే ముందుకు వచ్చాయి. అటువంటి ఒక ప్రయత్నాన్ని పరిశీలిస్తే మన ప్రశ్న స్పష్టపడుతుంది.

ఫేస్‌బుక్ సంస్థ 2013లో ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే పథకాన్ని ప్రకటించింది. అది 2014లో జాంబియాలో మొదలై, 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ ద్వారా మన దేశంలోకి వచ్చింది. మొదట ప్రవేశపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ఆ యేడే దాని పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారింది. డేటా కొనలేనివారు ఫేస్‌బుక్‌నూ, అందులో చేరిన మరికొన్ని సైట్లనూ పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. తక్కిన ఇంటర్నెట్ కావాలంటే డబ్బు కట్టాలి. ఏ సైటు చేరాలన్నా ఫేస్‌బుక్ నిబంధనలకు లోబడాలి. రాకపోకలన్నీ దాని యంత్రాల గుండానే సాగాలి. దేశవ్యాప్తంగా పెద్ద వాదోపవాదాలు జరిగిన తర్వాత, 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టరాదని శాసించింది. దానితో ఆ పథకం ఇక్కడ ఆగిపోయింది.

దానిని సమర్థించినవారి వాదం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఆకలిగొన్నవాడికి గంజి పోస్తుంటే, పరమాన్నం పెట్టలేదని కుండ తన్నేయడం ఎక్కడి న్యాయం అన్నారు వారు. 2015 డిసెంబరులో మన దేశపు పత్రికలో రాసిన వ్యాసంలో మార్క్ జుకర్‌బర్గ్ ఈ పథకాన్ని గ్రంథాలయంతో పోల్చారు. గ్రంథాలయంలో అన్ని పుస్తకాలూ ఉండవు, అయినా అది లోకానికి మేలు చేయడం లేదా అన్నది ఆయన తర్కం.

గ్రంథాలయమంటే ఏమిటో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆనాటి పల్లె గ్రంథాలయాల్లోనూ పుస్తకాలు కొద్దివే. కాని వాటి తాళంచెవి ఏ ఒక్క ప్రచురణకర్త చేతిలోనూ లేదు. ఎవరు ఏ పుట దగ్గర ఆగారో లెక్క రాసుకునే యజమాని లేడు. కావలసిన పుస్తకం లేకపోతే ఊరివారు చందాలు వేసుకుని తెప్పించుకోవచ్చు. కొరత ఉన్నమాట నిజమే. అయితే ఆ కొరతను తీర్చుకునే అధికారం చదువరుల దగ్గరే ఉండేది. ఫ్రీ బేసిక్స్‌లో లేనిది ఆ అధికారమే.

పైగా "కొంచెమా, శూన్యమా" అని రెండే దారులు చూపినవారు మూడో దారిని ముందే మూసి మాట్లాడుతున్నారు. ఆ శూన్యం ప్రకృతి విధించింది కాదు. లాభం రాని చోట టవరు వేయకూడదనీ, కూలివాడికి అందని ధర పెట్టాలనీ నిర్ణయించినది మనుషులే. అదే వ్యవస్థ తాను కల్పించిన లేమిని చూపించి, తన భిక్షను స్వీకరించమంటుంది.

ఒకే తలుపున్న ఇంట్లో ఏం జరగగలదో మయన్మార్ చూపింది. అక్కడ చాలామందికి ఫేస్‌బుక్కే ఇంటర్నెట్ అని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ సంఘం పేర్కొన్నది. రోహింగ్యాలపై ద్వేషాన్ని రగిలించదలచినవారికి అది మంచి సాధనమయిందని కూడా తేల్చింది. ఆ ఘోరానికి ఉచిత సేవ కారణమని నేను అనను. దానిని జరిపినవారు సైనికులూ, వారి పాలకులూను. కాని ఒక జాతి మాటామంతీ అంతా పరదేశంలోని ఒక్క యజమాని గుమ్మం గుండా సాగవలసివస్తే, ఆ యజమాని అశ్రద్ధకు మూల్యం చెల్లించేది ఆ జాతే.

అందుచేత ట్రాయ్ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. అయితే దానితో మన బాధ్యత తీరిందని కొందరు మిత్రులనుకోవడం నాకు సమ్మతం కాదు. ఆనాడు వద్దన్నవారిలో అత్యధికుల చేతుల్లో ఇంటర్నెట్ అప్పటికే ఉంది. లేనివాడి తరఫున మనం ఒకదాన్ని తిరస్కరించినప్పుడు, దానికంటే మంచిదాన్ని సాధించిపెట్టే రుణం మన మీద పడుతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. అది మన ఉద్యమ ఫలితం కాదు. ఒక పెట్టుబడిదారు ఇతరులతో పోటీపడిన ఫలితం. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి చదువు ఫోనులోకి వెళ్లినప్పుడు, ఫోను లేని ఇంటి పిల్లలు చదువుకు దూరమయ్యారు. ఆ రుణం తీరలేదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

మూడో దారి ఊహ మాత్రమే కాదు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లో తీర్పిచ్చింది. పేద కుటుంబాలకు ఉచితంగా అందించాలన్న ఉద్దేశంతో ఆ రాష్ట్ర ప్రభుత్వం తన సొంత ఫైబర్ వ్యవస్థ కె-ఫోన్‌ను 2023 జూన్‌లో ప్రారంభించింది. అందులోనూ ఆలస్యాలు ఉండవచ్చు, లోపాలు ఉండవచ్చు. కాని ప్రజలు దానిని శాసనసభలో నిలదీయగలరు, ఓటుతో శిక్షించగలరు. జాంబియా రైతు కాలిఫోర్నియాలోని కంపెనీని ఏ సభలో నిలదీస్తాడు?

కాబట్టి ఇచ్చే ప్రతి చేతినీ మనం రెండు ప్రశ్నలు అడగాలి. ఇది నీ పిల్లలకు చాలునా? చాలదని మేమంటే మార్చే అధికారం మాకు ఉందా? రెంటికీ అవుననే జవాబు వస్తే గంజి అయినా కళ్లకద్దుకుని పుచ్చుకోవచ్చు. కాదన్నప్పుడు మాత్రం కుండను తిప్పి పంపితే సరిపోదు. పొయ్యి రాజేసే పనికి మనమే పూనుకోవాలి.