మూడు రోజులు ఉడికిన ముక్క

దుమ్ముగూడెం దిగువన గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఆ దుమ్ముగూడెం దగ్గరే దొరల కాలంలో ఎగువకు పెద్ద పడవలు నడిపిస్తామని ఆనకట్ట కట్టి, చివరికి 1871లో ఆ పని మానుకున్నారు. ఆనకట్ట మిగిలింది, పెద్ద పడవలు రాలేదు. అది వేరే కథ. అయినా ఈ కథకు మరీ పరాయిది కాదు.

ఆ ఊళ్లో ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, అల్లుడు ఉండేవాళ్లు. అల్లుడంటే ఆమె సొంత తమ్ముడి కొడుకే, మేనరికం. ఇద్దరికీ చేపల వేటే బతుకు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఆ పైన ఇంకో పద్దెనిమిది అడుగులు పెరిగిన నీళ్లకు కట్టుకొయ్యలు ఆగుతాయా? మనుషులు గట్టెక్కారు గానీ రెండిళ్ల పడవలూ కొట్టుకుపోయాయి.

ముసలమ్మ మొగుడు ఉన్న రోజుల్లో పడవ కావాలంటే అడవి వైపు చూసేవాళ్లు. ఇప్పుడు టేకు మీద గొడ్డలి వేస్తే కేసు. చేలల్లో ఎటు చూసినా జామాయిలే, అదంతా సారపాక కాగితం మిల్లుకు పోయే కర్ర. డిపోలో టేకు కొని పలకలు కోయిద్దామంటే పడవ కంటే అప్పే పొడుగయ్యేట్టుంది. అప్పుడెవరో చెప్పారు, సముద్రం మీద ప్లైవుడ్ పడవలు తిరుగుతున్నాయని, మెరైన్ ప్లై అని అడిగితే ఖమ్మంలో దొరుకుతుందని. ముసలమ్మ రెండు గేదెల్ని అమ్మి వచ్చిన డబ్బు ఇద్దరికీ చెరి సగం చేతిలో పెట్టింది.

ఖమ్మంలో షాపాయన ఆశ్చర్యపోయాడు. ''పడవకా? నా దగ్గర మెరైన్ కొనేవాళ్లంతా వంటింట్లో సింకు కింద అరలకే కొంటారు'' అన్నాడు. మెరైన్ షీటు ఒకటి కొనే డబ్బుకు మామూలు కమర్షియల్ షీట్లు రెండు వస్తున్నాయి. ''ఎందుకంత తేడా?'' అని అల్లుడు అడిగితే, ''దీని ముక్కని మూడు రోజులు మరిగే నీళ్లలో ఉంచి చూస్తారయ్యా, అప్పటికీ ఊడకపోతేనే ఆ ముద్ర'' అన్నాడాయన.

కొడుకు రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. ''బావా, అదీ ఎర్రగానే ఉంది, ఇదీ ఎర్రగానే ఉంది. పైన ఫైబర్ పూత వేసి రంగు కొడితే లోపలేముందో నీళ్లకేం తెలుస్తుంది?'' అన్నాడు. ఇరవై అడుగుల పడవ లెక్కగట్టి ఎనిమిది కమర్షియల్ షీట్లు తీసుకున్నాడు. అల్లుడికి అదే డబ్బుకు నాలుగే వచ్చాయి: అడుగుకు తొమ్మిది మిల్లీమీటర్లవి రెండు, పక్కలకు ఆరు మిల్లీమీటర్లవి రెండు. నాలుగు షీట్లలో పద్నాలుగు అడుగులకు మించి పడవ రాదు. ట్రాలీ ఆటో కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వంతెన ఎక్కేదాకా ఒకడు మాట్లాడుతూనే ఉన్నాడు, ఇంకొకడు వేళ్ల మీద లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు.

మూడు రోజుల మాట ముసలమ్మ చెవిన పడింది. ''వాళ్లు ఉడికిస్తే మనం ఉడికించలేమా? కట్టెలకేం కరువు?'' అని వడ్లు ఉడకేసే గుండిగ పొయ్యి మీదకు ఎక్కించింది. కోతలో ఇద్దరికీ మిగిలిన ముక్కలు చెరొకటి అందులో పడేసి, పైకి తేలకుండా రాయి పెట్టింది. ఊరంతా వచ్చి చూసి నవ్విపోయింది. కూరకు మసాలా వెయ్యలేదేమని అడిగినవాళ్లూ ఉన్నారు.

మొదటి రోజు పొద్దుగూకేసరికే కొడుకు ముక్క ఉబ్బింది. ముసలమ్మ బయటికి తీసి గోరు పెడితే పూతరేకులా పొర మీద పొర విడిపోయింది.

కొడుక్కి రోషం వచ్చింది. ''గోదారి నీళ్లేమన్నా మరుగుతాయా అమ్మా?''

''మరగవు. మూడు రోజుల్లో అయిపోవు కూడా.''

మూడో రోజు గడిచాక అల్లుడి ముక్క తీసింది. పొరలు కదల్లేదు. అల్లుడు మీసం మెలేసేలోపే ముసలమ్మ దాన్ని తిరగేసి రంపం పడ్డ అంచు చూపించింది. అక్కడ నల్లగా తడి లోపలికి పాకింది. ''అతుకు నిలిచింది అల్లుడూ. కొన తాగింది. కొన సంగతి చూసుకో'' అంది.

అల్లుడు మిగిలిన డబ్బంతా ఎపాక్సీ జిగురుకు, ఫైబర్ పట్టీకి పెట్టాడు. ప్రతి అంచునూ, మేకు దిగిన ప్రతి బెజ్జాన్నీ జిగురుతో మూసేశాడు. రంగుకు పైసా మిగల్లేదు. ఆ పద్నాలుగు అడుగుల చెక్కరంగు పడవను చూసి రేవులో పిల్లలు కూడా ''మామా, ఇది పడవా, దొప్పా?'' అని అడిగేవాళ్లు. కొడుకు పడవ మాత్రం నీలం రంగు మీద పసుపు గీతలతో, అప్పు చేసి తెచ్చిన పాత ఇంజన్‌తో, ముక్కు మీద రాములవారి పేరుతో రేవుకే కళ తెచ్చింది.

ఆ ఏడాది కొడుకే గెలిచాడు, ఆ మాట దాచకూడదు. పెద్ద పడవ, పెద్ద వల, ఎక్కువ చేప. గుండిగ కింద తగలేసిన కట్టెలు దండగని ముసలమ్మకు వినపడేలా అన్నవాళ్లున్నారు. ఆమె జవాబు చెప్పలేదు.

రెండో ఏడు ఎండల్లో పడవను గట్టెక్కించినప్పుడు కొడుక్కి అడుగున ఒకచోట చెక్క మెత్తగా తగిలింది, స్క్రూ పక్కన. దాని మీద ఇంకో ఫైబర్ పూత వేశాడు. తడి లోపలే ఉండిపోయింది. పైపూత ఎంత గట్టిగా ఉంటే తడికి బయటపడే దారి అంత మూసుకుపోతుంది. శ్రావణంలో ఒక పొద్దున వల లాగుతుంటే అడుగు అరచేతి వెడల్పున పొరలుగా విచ్చుకుంది. ఒడ్డు దగ్గర కాబట్టి నడుం లోతు నీళ్లే. ఇంజన్ మునిగింది, వల ప్రవాహంలో పడింది. అల్లుడు తన దొప్ప వేసుకొచ్చాడు. అది చిన్నది, అన్నీ ఒకేసారి పట్టవు. మొదటి విడత మనుషుల్ని దించాడు, రెండో విడత ఇంజన్‌ను తెచ్చాడు, మూడో విడతకు వల అందలేదు.

గట్టు మీద కొడుకు తల వంచుకుని కూర్చుంటే ముసలమ్మ తిట్టలేదు. ''నీ డబ్బూ వాడి డబ్బూ ఒకటే. నువ్వు పొడుగు కొన్నావు, వాడు అతుకు కొన్నాడు'' అని మాత్రం అంది. మిగిలిన ఇంజన్ డబ్బు ఇప్పటికీ కొడుకు కడుతూనే ఉన్నాడు.

నీతి: డబ్బు చాలనప్పుడు పడవను తగ్గించుకో, అతుకును తగ్గించకు.

దీన్ని ''ఖరీదైనదే మంచిది'' అని చదువుకునేవాళ్లు ఎక్కువ. కథ చెప్పేది అది కాదు. షీట్లకు బావా బామ్మర్దీ పెట్టిన ఖర్చు సమానమే. చవకగా పడవ కట్టాలన్న కోరికా న్యాయమైనదే. ఎక్కడ కోత పెట్టాలన్నదే ప్రశ్న. పొడుగులో కోసుకోవచ్చు, రంగులో కోసుకోవచ్చు, ఇంజన్ లేకుండా తెడ్డుతో ఒక ఏడాది గడపవచ్చు. ఇవన్నీ తర్వాత కలుపుకోగలిగినవి. షీటు లోపలి జిగురును మాత్రం తర్వాత మార్చుకోలేం.

ప్లైవుడ్ అంటే పలచటి చెక్కపొరల్ని ఒకదాని నార ఒకదానికి అడ్డంగా, బేసి లెక్కలో పేర్చి అతికించింది. చెక్క ఏదైనా ముందు పరీక్షకు నిలబడాల్సింది జిగురే. కమర్షియల్ షీటు అనే మామూలు ఎంఆర్ రకం ప్లైలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. పొలంలో చల్లే ఆ యూరియా నుంచే తయారవుతుంది. గాలిలో తేమకు ఓర్చుకుంటుంది, నీళ్లలో నానితే వదిలేస్తుంది. మెరైన్ రకంలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. దానికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 710, ముసలమ్మ గుండిగలో చేసిన 72 గంటల పరీక్ష అందులోదే. ఫినాల్ జిగురు గీత ముదురు గోధుమరంగులో కనిపిస్తుంది. అయితే రంగు కలపడం ఎవరికైనా చేతనవును, కాబట్టి కొడుకులా ఎరుపు చూసి మోసపోవద్దు. ''వాటర్‌ప్రూఫ్'' అని బిల్లు మీద రాసినంత మాత్రాన కూడా ఏమీ కాదు. బీడబ్ల్యూఆర్, బీడబ్ల్యూపీ అని ఒక్క అక్షరం తేడాతో రెండు ముద్రలుంటాయి. మొదటిది మరిగే నీళ్లను కొంతవరకే ఓర్చుకునేది, పడవకు కావలసింది రెండోది.

అల్లుడి ముక్క కొన తాగిన సంగతి చాలామంది మరిచిపోతారు. మెరైన్ ముద్ర ఉన్నా రంపం పెట్టిన అంచు పచ్చిగా వదిలేస్తే నీళ్లు నారల వెంట లోపలికి ఎక్కుతాయి. పొరలు విడిపోవు, చెక్క కుళ్లుతుంది. మంచి షీటు కొని అంచులు మూయనివాడు సగం డబ్బు నదిలో వేసినట్టే.

ఇక ఈ పడవలు ఊహ కాదు. కన్యాకుమారి జిల్లా ముట్టంలో 1980ల మొదట్లోనే జాలర్ల సంఘాల ఆధ్వర్యంలో ప్లైవుడ్ పడవలు కట్టారు. అక్కడా కారణం ఇదే, పడవలకు పనికొచ్చే దుంగలు కరువై ధరలు పెరగడం. అక్కడివాళ్లు ఒక్కొక్కరే షాపుకు పోలేదు, సంఘంగా కూడారు. గోదావరి ఒడ్డున మత్స్యకారుల సహకార సంఘాలున్న ఊళ్లు కూడా పదిమంది షీట్లు కలిపి ఒక్క ఆర్డరుగా పెట్టి చూడాలి. షీటుకు తగ్గే ధరతో పాటు, నాసిరకం వస్తే లోడు తిప్పి పంపే గట్టితనం కూడా వస్తుంది.

కొనబోయే ముందు షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 710 అనే అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు చూడండి. ఆ నంబరును ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తోందా లేదా అన్నది తెలుస్తుంది. బిల్లులో కూడా ఐఎస్ 710 అనే రాయించుకోండి. ఇదంతా డబ్బు చెల్లించకముందే, షాపులోనే చెయ్యండి. రంపం పెట్టిన షీటును ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు.