లేనిదానికి ప్రమాణం

ఉన్న వస్తువు ఉన్నదని తెలియడానికి ఇంద్రియాలు చాలు. లేనిది లేదని తెలియడానికి ఏది ప్రమాణమన్న ప్రశ్న మాత్రం భారతీయ దార్శనికులను శతాబ్దాలపాటు వాదంలో నిలిపింది. కుమారిల భట్టును అనుసరించిన భాట్ట మీమాంసకులు, వారితోపాటు అద్వైతులు, దీనికోసం అనుపలబ్ధి అనే ఆరవ ప్రమాణాన్ని అంగీకరించారు. కనబడకపోవడమే లేమిని తెలియజేసే సాధనమని దాని అర్థం. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు వేరే ప్రమాణం అక్కరలేదని, ఖాళీ నేలను చూసిన కన్నే కుండ లేకపోవడాన్నీ చూస్తుందని వాదించారు. మీమాంసలోనే మరో శాఖవారైన ప్రాభాకరులు ఇంకా ముందుకు వెళ్లి, అభావమనే (లేమి అనే) పదార్థమే వేరుగా లేదని, ఉన్నది ఉత్త నేల మాత్రమేనని తేల్చారు. ఈ తగువును పండితుల కాలక్షేపంగా భావించేవారు కంప్యూటర్ ప్రోగ్రాములను సమీక్షించేవారి పనిని ఒకసారి పరిశీలించడం మంచిది. ఎందుకంటే పాత కోడ్‌ను శుభ్రపరిచిన రచయిత తన సవరణ వెంట ‘పనితీరులో మార్పు లేదు’ అన్న ఒక వాక్యాన్ని జతచేసి పంపినప్పుడు, సమీక్షకుడు అంగీకరించవలసింది కచ్చితంగా ఒక అభావాన్నే.

ఈ చిక్కు అన్నిటికంటే తీవ్రంగా కనిపించే చోటు ఫైల్‌సిస్టమ్‌ల లాగ్ నిర్వహణ. డిస్క్ మీద ఏ దస్త్రం ఎక్కడుందో, ఏ చోటు ఖాళీగా ఉందో లెక్క ఉంచే వ్యవస్థను ఫైల్‌సిస్టమ్ అంటారు. ఒక దస్త్రాన్ని తొలగించడం వంటి చిన్న పనికైనా డిస్క్ మీద పలుచోట్ల మార్పులు రాయవలసి ఉంటుంది కనుక, సగంలో కరెంటు పోతే లెక్కలు పొంతన లేకుండా మిగులుతాయి. అందుచేత చేయబోయే మార్పుల్ని ముందుగా లాగ్ అనే ప్రత్యేక భాగంలో రాసి, ఆ రాత భద్రంగా డిస్క్‌కు చేరాకే అసలు చోట్లను మార్చే పద్ధతి ఏర్పడింది; దీనినే జర్నలింగ్ అంటారు. డేటాబేసుల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి సి. మోహన్, ఆయన ఐబీఎం సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ పత్రం ప్రసిద్ధమైన శాస్త్రీయ రూపం ఇచ్చింది. ఈ పద్ధతినే వాడే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ను సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ నిర్మించింది; అది 1994లో ఆ సంస్థ సొంత ఐరిక్స్ వ్యవస్థతో బయటికి వచ్చి, 2002లో లినక్స్ ప్రధాన కెర్నల్‌లో చేరింది. యంత్రం అర్ధాంతరంగా ఆగి మళ్లీ లేచినప్పుడు, లాగ్‌ను చదివి, పూర్తికాని పనుల్ని పూర్తిచేసే కోడ్‌ను పునరుద్ధరణ భాగం అంటారు.

అనుపలబ్ధి గురించిన చర్చలో కీలకం యోగ్యత అనే నిబంధన. కనబడకపోయిన ప్రతిదీ లేదని చెప్పడానికి వీల్లేదు. చీకటిగదిలో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదని ఎవరూ అనరు. ఆ వస్తువే అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేదన్న పరిస్థితి ఉన్నప్పుడే, కనబడకపోవడం లేమికి ప్రమాణమవుతుంది. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడవ పదార్థంగా లెక్కించాడు. ఆయన న్యాయ సంప్రదాయంలోనూ అభావజ్ఞానానికి ఈ ‘ఉండి ఉంటే కనబడేది’ అన్న తర్కం తోడుండాలి. బౌద్ధుడైన ధర్మకీర్తి దీనినే మరోవైపు నుంచి బిగించాడు: పిశాచం వంటి స్వభావతః కనబడని వస్తువు విషయంలో, కనబడకపోవడం సంశయాన్ని మిగులుస్తుందే గాని నిశ్చయాన్ని ఇవ్వదు.

విశేషమేమిటంటే, లాగ్‌ను రూపొందించినవారు ఈ యోగ్యతను డిస్క్ మీది రాతలోనే అమర్చిపెట్టారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాగ్ చివరికంటా నిండాక మళ్లీ మొదటినుంచి నిండే వలయం; ప్రతి చుట్టుకూ ఒక సంఖ్య ఉంటుంది. 512 బైట్ల ప్రతి ఖండంలోనూ మొదటి 4 బైట్లను తీసి ఆ చుట్టు సంఖ్యను అక్కడ రాస్తారు, తీసిన బైట్లను రికార్డు శీర్షికలో దాస్తారు. కరెంటు పోయి కొన్ని ఖండాలు డిస్క్‌కు చేరకపోతే, వాటి స్థానంలో పాత చుట్టు సంఖ్యే మిగిలి ఉంటుంది కనుక, కొత్త రాత ఎక్కడ ఆగిందో పునరుద్ధరణ కోడ్ కనిపెట్టగలుగుతుంది. రాత చేరి ఉంటే కొత్త సంఖ్య కనబడేది. కనబడలేదు కాబట్టి రాత చేరలేదు. భాట్టులు కోరిన షరతుకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

అయితే ఆ లాగ్‌ను చదివే కోడ్‌కు మాత్రం అలాంటి వెలుతురు లేదు. యంత్రం సవ్యంగా మూతపడినన్నాళ్లూ పునరుద్ధరణ భాగంలో అధికభాగం నడవనే నడవదు. నడిచినా, అందులోని అరుదైన కొమ్మలు, అంటే ఒక షరతు కుదిరితేనే నడిచే భాగాలు, యంత్రం నిర్దిష్టమైన క్షణంలో ఆగితే మాత్రమే పనిలోకి వస్తాయి. సవరించిన కోడ్ వందల యంత్రాలమీద నెలల తరబడి ఏ ఫిర్యాదూ లేకుండా నడిచిందన్న మాట ఇక్కడ దోషం లేదనడానికి ప్రమాణం కాజాలదు. అది ధర్మకీర్తి చెప్పిన పిశాచపు కోవలోకి వస్తుంది.

‘ఈ కొమ్మ ఎవరికీ అక్కరలేదు’ అన్న అభిప్రాయంలో ఇదే ప్రమాదం మరింత ఘాటుగా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో కొంత చోటును విడుదల చేయదలచినప్పుడు, ఆ ఉద్దేశాన్ని ఒక పద్దుగా, అది నెరవేరిందన్న మాటను మరో పద్దుగా లాగ్‌లో రాస్తారు. ఉద్దేశం ఉండి నెరవేర్పు లేని చోట పునరుద్ధరణ ఆ పనిని పూర్తిచేస్తుంది (ఇక్కడ కూడా అభావమే పనికి ప్రేరకం కావడం గమనార్హం). ఉద్దేశపు పద్దులో ఒక్కొక్క చోటుకు ఆరంభ స్థానం 8 బైట్లు, పొడవు 4 బైట్లు. 32 బిట్ల ఇంటెల్ యంత్రాల మీద ఇది 12 బైట్లుగా నిలుస్తుంది; 64 బిట్ల యంత్రాలమీద కంపైలర్ చేర్చే ఖాళీ పూరకంతో 16 బైట్లవుతుంది. ఒకదాని మీద రాసిన లాగ్‌ను మరొకదాని మీద చదవవలసి రావచ్చు కనుక, పునరుద్ధరణ కోడ్‌లో ప్రస్తుత యంత్రపు కొలతకు, 32 బిట్ల కొలతకు, 64 బిట్ల కొలతకు విడివిడిగా మూడు కొమ్మలున్నాయి. కోడ్‌ను శుభ్రపరిచేవారి కంటికి ఇవి అచ్చంగా పునరుక్తిలా తోస్తాయి. ఆ కొమ్మ అవసరమయ్యే డిస్క్ సమీక్షకుడి గదిలో లేకపోవడం సహజం. ఆ గదిలో లేనంత మాత్రాన లోకంలో లేదనడం తర్కంలో మొదటి పాఠం చదివినవాడు చేయకూడని పని.

కనుక మంచి సమీక్షకుడు మొదట చేసే పని దోషాన్ని వెతకడం కాదు, దోషం ఉంటే కనబడే పరిస్థితిని కల్పించుకోవడం. 2020లో లినక్స్ 5.8 కోసం ఎక్స్‌ఎఫ్‌ఎస్ పునరుద్ధరణ కోడ్‌ను పునర్వ్యవస్థీకరించి, ఒకే దస్త్రంలో పేరుకుపోయిన వేల పంక్తులలో బఫర్లు, ఐనోడ్‌లు, కోటాలు వంటి వేర్వేరు అంశాలకు చెందిన భాగాల్ని వాటి వాటి దస్త్రాలకు తరలించారు. ఇలాంటి తరలింపు సవరణలో ఒకచోట చెరిపివేతగా, మరొకచోట చేర్పుగా కనిపిస్తుంది కనుక, మధ్యలో ఒక్క షరతు తలకిందులైనా కంటికి ఆనదు. తరలింపును ఒక ప్యాచ్‌గా (విడి సవరణగా), మార్పును మరో ప్యాచ్‌గా విడదీయాలన్న పట్టుదలకు కారణం ఇదే, చాదస్తం కాదు. రెండవ ఉపాయం ప్రమాదాన్ని బుద్ధిపూర్వకంగా తెచ్చుకోవడం: పరీక్షల్లో ఫైల్‌సిస్టమ్‌ను పని మధ్యలో పడగొట్టి మళ్లీ లేపుతారు; 2015 నుంచి లినక్స్‌లో ఉన్న డీఎం-లాగ్-రైట్స్ సాధనంతో డిస్క్‌కు వెళ్లిన ప్రతి రాతనూ వరుసగా నమోదుచేసి, కోరిన చోట కరెంటు పోయినట్టుగా ఆపి చూస్తారు. అయినా ఈ వెలుతురు పరీక్షకుడికి తట్టిన మూలలకే చేరుతుంది.

లినక్స్ కెర్నల్ నియమాలు ఈ పరిమితిని దాచలేదు. సమీక్షించినట్లు తన పేరు జోడించే వ్యక్తి, దోషాల విషయంలో, ఆ సవరణను అడ్డుకోదగిన తెలిసిన దోషాలు లేవని నమ్ముతున్నట్టు మాత్రమే ప్రకటిస్తాడు. అది ప్రతి సందర్భంలోనూ సరిగా పనిచేస్తుందన్న హామీ ఇవ్వడం లేదని అదే ప్రకటన స్పష్టం చేస్తుంది. అంటే ‘మార్పు లేదు’ అన్న రచయిత వాక్యం విషయాన్ని గురించినది కాగా, సమీక్షకుడి సంతకం తన ఎరుకను గురించినది. ఈ రెంటినీ ఒకటిగా చదివే అలవాటు నుంచే తరవాత నిందలు పుడతాయి. ప్రాభాకరుడైతే ఇంతకు మించి సంతకం చేయడానికి ఏ వస్తువూ లేదనే అనేవాడు. భాట్టుడు అంత సులభంగా వదలడు: యోగ్యత ఉన్నంత మేరకు లేమి నిజంగానే తెలుస్తుందని, మిగిలినదాని విషయంలో మౌనమే సరైనదని అతడి పక్షం, ఈ పనికి అదే ఎక్కువ నప్పుతుంది.

మెమరీ నకళ్ల హద్దుల్ని కఠినంగా తనిఖీ చేసే ఏర్పాటు కెర్నల్‌లోకి రావడంతో, 2022లో పైన చెప్పిన ఉద్దేశపు పద్దుల కోడ్‌ను మళ్లీ శుభ్రపరిచి, వాటి పరిమాణాన్ని లెక్కగట్టే పనిని చిన్న చిన్న ఫంక్షన్లలోకి విడదీశారు. 12 బైట్ల కొమ్మను, 16 బైట్ల కొమ్మను మాత్రం ఉంచేశారు.