ఇది దేనిది?

చేతికి దొరికిన విడి స్క్రూ గురించి రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఇది ఎంత? ఇది దేనిది?

మొదటిదానికి జవాబు స్క్రూలోనే ఉంటుంది. కొలిస్తే నాలుగు మిల్లీమీటర్ల మందం, పదహారు పొడవు అని తేలిపోతుంది. ఇవాళ కొలవకపోతే రేపు కొలుచుకోవచ్చు, నేను కాకపోతే ఇంకెవరైనా కొలవచ్చు. రెండోదానికి జవాబు స్క్రూలో ఉండదు, మనిషిలో ఉంటుంది. "అది పాత వాషింగ్ మెషీన్ వెనక రేకుది" అని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే ఆ జవాబు ఇక లేనట్టే.

స్క్రూలూ నట్లూ వాషర్లూ ఇంట్లో పోగేసుకునేవాళ్ళెవరైనా వాటిని సర్దేటప్పుడు ఈ రెండు ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. కొలత ప్రకారం సొరుగుల్లో పోసుకోవాలి, లేదా ఏ వస్తువు నుంచి వచ్చినవి ఆ వస్తువు పేరుతో విడివిడిగా ఉంచుకోవాలి. బాల్కనీలో ఓ మూల బల్లా, నాలుగు పనిముట్లూ పెట్టుకున్న నాలాంటివాళ్ళ గోలలా అనిపిస్తుంది, నిజమే. నాకు మాత్రం ఏడాదిగా ఇది ధర్మసందేహంలాగే తగులుతోంది. కారణం మామయ్య డబ్బాలు. వాటి దగ్గరికి వస్తాను, ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

"ఎంత?" అనే ప్రశ్న అంత పాతదేం కాదు. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో మరలు కోసే లేత్‌ని ఒక దారికి తెచ్చేదాకా, ప్రతి బోల్టూ తనకోసం చేసిన నట్టుతోనే బతికేది. ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కదు. అందుకే ఏ జతకి ఆ జత గుర్తు పెట్టేవాళ్ళు. అవి కలిసిపోతే షాపులో ఎంత రభస అయ్యేదో మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ తన ఆత్మకథలో చెప్పుకొచ్చాడు. అంటే ఒకప్పుడు స్క్రూకి ఉన్నదల్లా రెండో ప్రశ్నే. దేనిదో తెలియని బోల్టు ఉత్త ఇనప ముక్క.

జోసెఫ్ విట్‌వర్త్ వచ్చి దీన్ని తిరగేశాడు. ఎన్నో వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, 1841లో లండన్‌లో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పత్రం చదివాడు. మర కోణం అన్నిటికీ 55 డిగ్రీలే ఉండాలి. ఇంత లావుకి అంగుళానికి ఇన్ని చుట్లు అని ముందే తేల్చేయాలి: పావు అంగుళానికి 20, అర అంగుళానికి 12. ఆ తర్వాతే ఏ నట్టయినా అదే కొలత ఉన్న ఏ బోల్టుకైనా ఎక్కడం మొదలైంది. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలన్నాడు, అర అంగుళానికి 13 చుట్లన్నాడు. పన్నెండుకీ పదమూడుకీ తేడా ఒక్క చుట్టే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా ఒకే పక్షాన నిలబడ్డాయి గానీ వాటి బోల్టులు మాత్రం కలవలేదు. 1948 నవంబరు 18న కెనడాతో సహా ముగ్గురూ కూర్చుని సంతకాలు చేస్తే తప్ప ఆ పేచీ ఒక కొలిక్కి రాలేదు.

మన దగ్గర ఇంకా పూర్తిగా తీరనేలేదు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బోల్టులు కొనడానికి వెళ్ళండి. మిల్లీమీటర్లు, అంగుళాలు, సూత్‌లు, మూడూ ఒకే కౌంటరు మీద వినబడతాయి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండున్నర సూత్ బోల్టు దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లే కాబట్టి ఎం8 నట్టు దానికి సరిపోవాలి కదా అనుకుంటాం. రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత బిగుసుకుపోతుంది. ఒకదానికి చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు, విట్‌వర్త్ దానికి 1.41. కంటికి ఆనదు. కౌంటర్లో కుర్రాడు రెండు బోల్టుల పళ్ళూ ఒకదాంట్లో ఒకటి ఇరికించి వెలుతురుకి పట్టి చూసి, చప్పున చెప్పేస్తాడు. (ఆ తర్వాత "మీ వారికా మేడమ్?" అని కూడా అడుగుతాడు. నాకే అని చెప్తే ఒకటికి రెండుసార్లు చూస్తాడు. అది వేరే వ్యాసం.)

ఇక్కడ ఒక కాకతాళీయం. విట్‌వర్త్ పత్రం చదివిన ఆ 1841లోనే, ఏప్రిల్లో, ఫ్రాన్స్ ప్రభుత్వం తన జిల్లా దస్తావేజుల భాండాగారాలకి ఒక ఉత్తర్వు పంపింది. కాగితాలని విషయం వారీగా ఏరి కలపొద్దు, ఏ కార్యాలయం నుంచి, ఏ కుటుంబం నుంచి, ఏ సంస్థ నుంచి వచ్చినవి ఆ కట్టగానే ఉంచండి అని. శిస్తు గురించిన ఉత్తరాన్ని దాని కట్టలోంచి తీసి మిగతా శిస్తు కాగితాల్లో కలిపేస్తే, అది ఎవరు ఎవరికి ఎందుకు రాశారన్నది పోతుంది. ఇప్పటికీ ప్రపంచమంతా ఆర్కైవులు నడిచేది ఈ సూత్రం మీదే. ఒకే ఏడాది లండన్‌లో ఒకాయన "ఎక్కడిదైతేనేం, కొలత చూడు" అంటుంటే, పారిస్‌లో ఇంకొకళ్ళు "కొలత సరే, ఎక్కడిదో పోగొట్టకు" అన్నారు. వీళ్ళకీ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. అయినా నా బల్ల మీద వీళ్ళు రోజూ ఎదురుపడుతుంటారు.

పని తెలిసినవాళ్ళకి రెండూ కావాలి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఫోను విప్పే కుర్రాళ్ళని గమనించండి. ఒక్కో స్క్రూనీ అది ఏ మూలనుంచి వచ్చిందో ఆ వరసలోనే అయస్కాంతపు చాప మీద పెట్టుకుంటారు. వెంట్రుకవాసి పొడవెక్కువైన స్క్రూని తప్పు రంధ్రంలో బిగిస్తే కింద బోర్డు పొర తెగి ఫోను చచ్చిపోవచ్చు. బల్ల ఫ్యాన్లు చాలావాటిలో రెక్కని పట్టి ఉంచే మూతకి ఎడమ మర ఉంటుంది, సైకిల్ ఎడమ పెడల్‌కీ అంతే. వాటిని మామూలువాటిలో కలిపేస్తే, ఎందుకు ఎక్కట్లేదో తెలియక తర్వాతివాడు బలం పెట్టి మర కొరికేస్తాడు. పాత మెకానిక్కులు ఇంకో మాట చెప్తారు: విప్పిన స్క్రూ దాచడానికి అన్నిటికన్నా మంచి చోటు దాని రంధ్రమే. రేకు తీసేశాక స్క్రూని మళ్ళీ రెండు చుట్లు అక్కడే తిప్పి వదిలెయ్యి. డబ్బా అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. నేను విన్నవాటిలో ఇంతకన్నా తెలివైన పద్ధతి లేదు.

యంత్రం విప్పి ఉన్నంతసేపూ "దేనిది?" అన్నదే రాజ్యం చేయాలి, ఇందులో పేచీ లేదు. ఇక ఎప్పటికీ బిగించని యంత్రం మాటేమిటి? విప్పాం, బాగుకాలేదు, లేదా భాగం దొరకలేదు. ఫ్యాను సంచిలో, స్క్రూలు ఓ చిన్న కవర్లో. కొన్నాళ్ళకి ఫ్యాను పాత సామాన్ల బండి ఎక్కేస్తుంది. కవరు మాత్రం ఉండిపోతుంది. ఆ కవర్లో ఉన్నది స్క్రూలు అనుకోను, మాట ఇచ్చి తీర్చనిదేదో అనుకుంటాను. వాటిని సొరుగులోకి ఒంపడమంటే ఆ ఫ్యాను ఇక తిరగదని ఒప్పుకోవడం. అందుకే చాలా ఇళ్ళల్లో ఎవరూ ఒంపరు.

మామయ్య ఎప్పుడూ ఒంపలేదు. ఆయన ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక, మల్కాజిగిరి ఇంట్లో కింది వెనకగదిని ఇరవై ఏళ్ళు వర్క్‌షాపు చేసుకున్నారు. పోయినేడు ఆయన పోయాక ఆ గదిలో లెక్కపెడితే అరవై మూడు డబ్బాలు తేలాయి. హార్లిక్స్ సీసాలు, కెమెరా రీళ్ళ డబ్బాలు, డాల్డా డబ్బాలు, మూత విరిగిన ఓ పోపులపెట్టె. అన్నిటి మీదా తెల్ల కాగితం, బాల్ పెన్నుతో ఆయన గుండ్రటి రాత. ఒక్కదాని మీదా కొలత లేదు. "హాలు ఫ్యాను, పాతది." "పెద్దమ్మాయి సైకిల్, ఎడమ పెడల్." "ఊళ్ళో ఇంటి వీధి తలుపు, మడతబందులు." "రేడియో వెనక అట్ట." ఊళ్ళో ఇల్లు అమ్మేసి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మాయికి కాలేజీకెళ్ళే కొడుకున్నాడు. ఆ అరవై మూడింటిలో ఇంకా భూమ్మీదున్న వస్తువులు, నేను ఆరా తీసినంతవరకు, నాలుగు.

"ఇవన్నీ మీ మామయ్య దాచినవే" అంది అత్తయ్య. తెలుగులో దాచడం అంటే రెండు: పోకుండా అట్టిపెట్టడం, కనబడకుండా చేయడం. ఆ గదిలో ఆ రెండిటికీ తేడా లేదు. ఎవరికైనా ఎం5 బోల్టు కావాలంటే అక్కడ కనీసం ఓ నలభై ఉంటాయి, ఒక్కటీ దొరకదు. ఆ మెషీన్ల చరిత్ర అంతా గుర్తున్న మనిషి ఉన్నంతకాలం అది చక్కగా సర్దిన గది. ఆయన పోయిన మర్నాటినుంచీ గుజిరీ సామాను. ఒక్క స్క్రూ కూడా చోటు మారలేదు.

అత్తయ్యకి ఆ గది కావాలి. మోకాళ్ళు పోయాయి, మేడ ఎక్కలేకపోతోంది, మంచం కిందికి దించుకోవాలి. నన్ను పిలిచింది ఎందుకంటే మా ఇళ్ళల్లో ఇలాంటివి ముట్టుకునేది నేనొక్కదాన్నే. మొత్తం కిలోల లెక్కన తూచి ఇచ్చేయొచ్చు. లేదా కొలతల వారీగా ఏరి నా సొరుగుల్లో పోసుకోవచ్చు. లేదా ఉన్నవి ఉన్నట్టు ఉంచొచ్చు. నా మనసు మూడోదాని మీదుంది, దాచను. నా వాదన ఇది: కొలత ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఎక్కడిదో అన్నది ఒకసారి కలిపేస్తే మళ్ళీ రాదు. వీధి తలుపు స్క్రూలు నాలుగు, మరో నాలుగొందల్లో పడ్డ క్షణం నుంచీ అవి ఉండీ లేనట్టే. తిరిగి సరిచేయలేని పనికి తొందరెందుకు?

"బానే చెప్పావే అమ్మాయ్. అంత ముచ్చటగా ఉంటే అన్నీ నీ ఫ్లాటుకి పట్టుకెళ్ళు, అలాగే పెట్టుకో. నేను నలభై ఏళ్ళు సర్దుకున్నాను."

సర్దుకోవడం కూడా తెలుగులో రెండు. ఆయన సర్దుకున్నది ఆ గదిని, ఆవిడ సర్దుకున్నది ఆ గది లేకుండా. నా డబుల్ బెడ్రూమ్ ఫ్లాటులో అరవై మూడు డబ్బాలకి చోటు లేదన్నది ఇద్దరికీ తెలుసు. జ్ఞాపకాలని ఉన్నవి ఉన్నట్టు ఉంచాలని గట్టిగా వాదించేవాళ్ళు సాధారణంగా ఆ ఇంట్లో ఉండరు, గమనించారా? ఆర్కైవుకైతే అద్దె కట్టే ప్రభుత్వం ఉంటుంది. ఇక్కడ అద్దె అత్తయ్య మోకాళ్ళు.

నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. కాకపోతే దానికి హద్దంటూ లేదు. "మళ్ళీ రాదు" అన్నమాట ప్రతి స్క్రూ గురించీ నిజమే, ప్రతి చీటీ గురించీ, అరిగిన ప్రతి వాషరు గురించీ నిజమే. దాన్ని చివరిదాకా పట్టుకుంటే బతికున్నవాళ్ళకి మంచం వేసుకునే చోటుండదు. కొలత ప్రకారం సర్దడంలో ఎవరి కథా మిగలదు, ఒప్పుకుంటాను. దాని మర్యాద ఇంకోచోట ఉంది. "ఎం5, ఇరవై" అని రాసున్న సొరుగుని ఎవరైనా తెరవొచ్చు. మామయ్య ఎవరో తెలియనక్కర్లేదు, నేనెవరో తెలియనక్కర్లేదు. రేపు నేను లేకపోయినా, ఆ సొరుగు తెరిచిన ముక్కూమొహం తెలియని మనిషికి పని జరుగుతుంది.

ఐదు ఆదివారాలు పట్టింది. బతికున్న ఆ నాలుగు వస్తువులవీ కవర్లలో పెట్టి, టేపుతో ఆ వస్తువులకే అంటించాను. ఎడమ మరలన్నీ ఎర్ర రంగు పూసి వేరే పెట్టాను. మిగతావి కొలిచి పోశాను. తుప్పుపట్టినవి, తల అరిగినవి మాత్రం కిలోల లెక్కన వెళ్ళాయి. ఖర్చు లెక్కేస్తే ఇది శుద్ధ దండగ పని, కొత్తవి కొంటే ఇంతకన్నా చవక. చీటీలు పీకేముందు ఒక్కోదాన్నీ ఫోనులో ఫోటో తీశాను. అరవై మూడు ఫోటోలకి చోటు అక్కర్లేదు కదా. ఇదీ ఒక రకం దాచడమేనని నాకు తెలుసు, ఇంతవరకు ఒక్కసారైనా తెరవలేదు.

అరవై మూడో డబ్బా, ఓ పెద్ద హార్లిక్స్ సీసా, అలమర కింది అరలో ముందువైపే ఉంది. దానిమీద ఆయన రాత: "దేనివో." మిగతా సీసాల మూతలు బిగుసుకుపోయి గుడ్డ పట్టి తిప్పితే గానీ రాలేదు, ఇది వేలితో ఊడొచ్చింది. లోపల సగం కూడా లేవు. వీధిలో ఎవరింట్లో తలుపు ఊడినా, ఏ పిల్లాడి సైకిల్ వదులైనా, ఆయన అందులోంచే తీసి ఇచ్చేవాడని అత్తయ్య చెప్పింది. వేరే డబ్బా ముట్టనిచ్చేవాడు కాదట.

ఆ సీసాని కొలవలేదు, ఉన్నది ఉన్నట్టు నా బల్ల మీదికి తెచ్చుకున్నాను. మిగతా సీసాలు కడిగి ఎండబెట్టి ఇచ్చేయమంది అత్తయ్య, కందిపొడికీ ఉప్పుకీ పనికొస్తాయని.