హెచ్చరిక ఎవరిది? జాతీయ సంస్కృతి – సంస్థాగత సంస్కృతి – నైతిక బాధ్యత

ఉపోద్ఘాతం:

ఒక సంస్థలో ఎవరు ఎవరికి జవాబుదారీ, లోపాన్ని గమనించినవారు దాన్ని ఎవరికి తెలపాలి అనే విషయాలు నియమావళిలో రాసి ఉంటాయి. ఆచరణలో మాత్రం అవి ఆ సంస్థలోని మనుషులు ఇంటి నుంచి, ఊరి నుంచి, భాష నుంచి తెచ్చుకున్న అలవాట్లను బట్టి రూపు దిద్దుకుంటాయి. జాతీయ సంస్కృతి సంస్థాగత సంస్కృతిని తీర్చిదిద్దుతుందనే వాదానికి ఇదే పునాది. దీన్ని అంగీకరిస్తే ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. సంస్థ చేసిన తప్పుకు మూలం సంస్కృతిలో ఉంటే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నను కోనసీమలోని మామిడికుదురు మండల అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సంస్కృతి: కారణమా, సాకా?

డచ్ పరిశోధకులు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967–1973 మధ్య వివిధ దేశాల్లోని ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన సమాధానాలను విశ్లేషించి, 1980లో గ్రంథంగా ప్రకటించారు. ఆయన ప్రతిపాదించిన కొలమానాల్లో 'అధికార దూరం' ఒకటి. అధికారం అసమానంగా పంపిణీ కావడాన్ని కిందిస్థాయివారు ఎంతవరకు సహజంగా భావిస్తారో అది సూచిస్తుంది. ఈ సూచిలో భారతదేశానికి 77, జపానుకు 54, అమెరికాకు 40 వచ్చాయి. ఒకే సంస్థ ఉద్యోగులు ఒక దేశానికంతటికీ ప్రాతినిధ్యం వహించగలరా అని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ ఈ పద్ధతిని ప్రశ్నించారు.

సంఖ్యల కంటే క్లిష్టమైన ఉదాహరణ జపానులో కనిపిస్తుంది. 2011 నాటి ఫుకుషిమా అణు ప్రమాదంపై ఆ దేశ పార్లమెంటు నియమించిన సంఘం 2012 జులైలో నివేదిక ఇచ్చింది. అధికారాన్ని ప్రశ్నించడానికి వెనుకాడే జపాను సంస్కృతిలోనే ప్రమాదానికి మూలాలున్నాయని సంఘాధ్యక్షులు కియోషి కురొకవా ఆంగ్లప్రతి ముందుమాటలో పేర్కొన్నారు. జపాను భాషలోని ప్రతిలో ఈ మాటలు ఇదే రూపంలో లేకపోవడం విమర్శకు గురైంది. అదే దేశంలో టయోటా కర్మాగారం లోపం కనిపించిన వెంటనే తాడు లాగి ఉత్పత్తిని ఆపించే హక్కును సాధారణ కార్మికుడికి ఇచ్చింది. ఒకే సంస్కృతిలో ప్రశ్నించలేని మౌనమూ, ప్రశ్నించే తాడూ రెండూ పుట్టాయి. కాబట్టి సంస్కృతి ఒక్కటే ఫలితాన్ని నిర్ణయిస్తుందనడం పొసగదు.

కోనసీమ: రెండు మంటలు

ఇదే ప్రశ్న కృష్ణా–గోదావరి చమురు క్షేత్రంలో మరో రూపంలో ఎదురవుతుంది. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ తవ్వుతున్న పాశర్లపూడి-19 బావిలో వాయువు ఎగదన్ని మంటలు లేచాయి. చుట్టుపక్కల గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నిపుణులను రప్పించారు. 65 రోజుల తర్వాత ఆ మంట అదుపులోకి వచ్చింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైను పేలింది. 20 మందికి పైగా మరణించారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. పొడివాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో, తేమను తొలగించే ఏర్పాటు లేకుండా, తడివాయువును పంపడం పెట్రోలియం మంత్రిత్వశాఖ విచారణలో తేలింది. తేమ చేరిన గొట్టం లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయటికి అది కనిపించదు. గ్యాసు వాసన వస్తోందని ముందే చెప్పామని గ్రామస్థులు తెలిపినట్లు నాటి పత్రికలు రాశాయి.

ఈ రెండు ఘటనల స్వభావం వేరు. ఒకటి ఆకాశమంత ఎత్తున కనిపించిన మంట, మరొకటి కంటికి కనిపించని లీకు. అయినా వాటిని పక్కపక్కన పెట్టినప్పుడు ఒక తేడా స్పష్టమవుతుంది. మొదటిదానిలో నిపుణుడి మాట సముద్రాలు దాటి వచ్చింది. రెండోదానిలో పక్కింటివారి మాట సంస్థ ప్రహరీ దాటి నిర్ణయంగా మారలేదు. చెప్పేవారి సామాజిక స్థానాన్ని బట్టి మాట విశ్వసనీయతను తగ్గించడాన్ని తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో జ్ఞానసంబంధమైన అన్యాయంగా నిరూపించారు. గొట్టం పక్కన నివసించేవారికి ఇంజనీరింగ్ తెలియకపోవచ్చు. కానీ వాసన వస్తోందా లేదా అనే విషయంలో వారిని మించిన సాక్షి లేరు.

భాష చెప్పే సాక్ష్యం:

అధికార దూరం తెలుగు పలుకుబడిలో సులభంగా కనిపిస్తుంది. కార్యాలయాల్లో 'పై అధికారి', 'కింది ఉద్యోగి' ఉంటారు. కింది నుంచి పైకి వెళ్లేవి అర్జీ, మనవి, విన్నపం. పై నుంచి కిందికి వచ్చేవి ఉత్తర్వు, ఆదేశం, హెచ్చరిక. మనవిని మన్నించడం మన్నించేవారి దయ. ఉత్తర్వును పాటించడం అందుకున్నవారి విధి. గ్యాసు వాసన గురించి చెప్పిన మాట అర్జీగా నమోదైతే అది దయ కోసం ఎదురుచూడాలి.

అయితే 'హెచ్చరిక' అనే మాట చరిత్ర ఇందుకు భిన్నమైనది. రాజు సభకు వచ్చేటప్పుడు పరాకు, హెచ్చరిక పలికినవారు పరివారజనమే. ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోనూ భక్తుడు స్వామికి పలికేది హెచ్చరికే. అడుగు జాగ్రత్తగా వేయమని చెప్పే అధికారం ఆనాడు సేవకుడిది. నేడు అదే మాట పైపులైను మార్గంలో ప్రజలను ఉద్దేశించి నిలబెట్టిన బోర్డుల మీద కనిపిస్తుంది. మాట దిశ మారింది.

విదురుడు, విభీషణుడు:

పురాణ సంప్రదాయం కూడా ఏకముఖంగా లేదు. ఉద్యోగపర్వంలో నిద్రపట్టని ధృతరాష్ట్రుడు విదురుణ్ణి పిలిపించి రాత్రంతా హితవు విన్నాడు. కాదనలేదు, కోపగించలేదు, ఆచరించలేదు. ఫిర్యాదు స్వీకరించి రసీదు ఇవ్వడంతో పని ముగిసిందనుకునే యాజమాన్యానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. వినడం మర్యాద మాత్రమే. విన్నదాని మీద నిర్ణయం తీసుకోవడం ధర్మం.

విభీషణుడి విషయంలో తెలుగు సమాజం రెండు తీర్పులు ఇచ్చింది. భక్తి సంప్రదాయం అతణ్ణి ధర్మపక్షపాతిగా పూజించింది. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అనే సామెత అతణ్ణి గుట్టు విప్పినవాడిగా చూసింది. సంస్థలోని లోపాన్ని బయటపెట్టే ఉద్యోగికి ఈ రెండు తీర్పుల్లో ఏది వర్తిస్తుందో సంస్కృతి ముందుగా నిర్ణయించదు. రావణుడు అతని మాటను సభలోనే ఆలకించి ఉంటే గుట్టు లంక దాటవలసిన అవసరమే రాదు. లంకకు చేటు తెచ్చింది గుట్టు విప్పడం కాదు, హితవును తోసిపుచ్చడం.

ముగింపు:

జాతీయ సంస్కృతి సంస్థలకు ఒక్క ఆదేశం ఇవ్వదు. పరస్పర విరుద్ధమైన ఎన్నో వనరులను అందిస్తుంది. పెద్దల మాటను చద్దిమూటగా భావించే వినయమూ, పెద్దలకే హితవు చెప్పే విదురుడి ధైర్యమూ ఒకే సంప్రదాయానివి. వాటిలో దేన్ని నియమంగా మార్చుకోవాలనేది యాజమాన్యం చేసే ఎంపిక. ఎంపిక ఉన్నచోట బాధ్యత ఉంటుంది. 'మన సంస్కృతి అంతే' అనే సమాధానం కారణాన్ని కొంత వివరించగలదు; మరణాలకు జవాబు కాలేదు.

వారసత్వంగా వచ్చిన ఈ వనరుల నుంచే పరిష్కారమూ సాధ్యం. గొట్టం పక్కన ఉన్న గ్రామస్థుడి మాటను అర్జీగా కాక హెచ్చరికగా నమోదు చేయడం, అది అందిన వెంటనే ప్రవాహాన్ని ఆపి పరిశీలించే అధికారాన్ని క్షేత్రస్థాయి ఉద్యోగికి ఇవ్వడం పరాయి పద్ధతులు కావు. రాజును అడుగు చూసి వేయమన్న సేవకుడి మాటకు దాని పూర్వార్థాన్ని తిరిగి ఇవ్వడమే అవుతుంది.