ఒక్క చేప కొరకు

మనుష్యుడు తనకు ఉపయోగపడు దానిని కాపాడుకొనుట వింత కాదు. ఆవును మేపువాడు పాల కొరకు మేపును. చెట్టును నాటువాడు పండ్ల కొరకు నాటును. అయితే కాపాడబోయినయెడల మనకు లాభమునకు బదులు నష్టమే కలిగించు ప్రాణి యొకటి నశించిపోవుచున్నప్పుడు, దాని యెడల మనకు ఋణమేమైన ఉన్నదా? ఈ ప్రశ్నను మాటలతో తర్కించుట సులభము. ఒక నది యొడ్డున నిలిచి ఆలోచించినప్పుడే దాని బరువు తెలియును.

అమెరికా దేశపు వాయవ్య భాగమున, ఐడహో రాష్ట్రపు కొండల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 6,500 అడుగుల ఎత్తున ఒక సరస్సు కలదు. దాని పేరు రెడ్‌ఫిష్ సరస్సు, అనగా ఎఱ్ఱ చేపల సరస్సు. సాకై అను జాతి సాల్మన్ చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున ఒడలంతయు ఎఱ్ఱబారి అక్కడికి గుంపులుగా వచ్చుటచేత దానికా పేరు కలిగెను. అక్కడనుండి పసిఫిక్ మహాసముద్రము నదిమార్గమున సుమారు 900 మైళ్లు. సముద్రమునుండి గోదావరిలోనికి ఎదురీదివచ్చు పులసను ఎరిగిన మనకు ఈ సంగతి బొత్తిగా క్రొత్త కాదు. అయితే ఈ చేప చేయు ప్రయాణము మిక్కిలి దీర్ఘమైనది, మిక్కిలి కఠినమైనది.

ఆడ చేప తన తోకతో గులకరాళ్లను త్రవ్వి గుంట చేసి వేలకొలది గ్రుడ్లు పెట్టి, మరల రాళ్లతో కప్పును. చలికాలమంతయు అవి ఆ రాళ్ల క్రిందనే ఉండును. వసంతమున పిల్లలు పైకి వచ్చి, ఒకటి రెండు సంవత్సరములు సరస్సులో పెరిగి, మంచు కరగిన వరద వెంబడి సముద్రమునకు దిగిపోవును. సముద్రములో కొన్ని ఏండ్లు గడచిన పిమ్మట, తాము పుట్టిన నీటి వాసనను గుర్తుపట్టి తిరిగి వచ్చును. మంచినీటిలో ప్రవేశించిన తరువాత అవి ఆహారము తినవు. ఒంటిలోని కొవ్వే వాటికి దారిబత్తెము. గ్రుడ్లు పెట్టిన కొలది దినములకే చనిపోవును. ఆ కళేబరములు పురుగులకును, పక్షులకును, ఎలుగుబంట్లకును ఆహారమగును. సాల్మన్ నదుల యొడ్డుననున్న చెట్లలో సముద్రమునుండి వచ్చిన సారము కనబడుచున్నదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇంత చల్లని నీటిలో అవి ఎట్లు బ్రదుకునోయని మనము ఆశ్చర్యపడుదుము. నిజమునకు ఆ చలియే వాటికి ఆశ్రయము. నీరు ఎంత చల్లగా ఉండునో అంత ఎక్కువ ప్రాణవాయువు దానిలో ఇముడును. నీటి వేడిమి 20 డిగ్రీల సెంటీగ్రేడు దాటినయెడల ఎదురీదు చేప అలసిపోవును, రోగములకు లోబడును. మనకు కష్టముగా తోచునది మరియొక ప్రాణికి జీవాధారము కావచ్చును. ఇతర ప్రాణుల క్షేమమును మన సుఖముతో కొలువరాదని ఇది మొదటి పాఠము.

ఆ మార్గములో, కొలంబియా, స్నేక్ అను నదులమీద 1938 మొదలుకొని 1975 వరకు ఎనిమిది పెద్ద ఆనకట్టలు లేచెను. ఎక్కిపోవు చేపలకు మెట్లు కట్టిరి గాని, దిగివచ్చు పిల్లలకు యంత్రచక్రములును, నిలిచి వేడెక్కిన నీరును ప్రాణాంతకములాయెను. మితిమీరిన వేట మొదలైన కారణములును ఉండెను. షోషోనీ-బన్నాక్ అను ఆదివాసి జనులు 1990లో మనవి చేయగా, 1991లో ప్రభుత్వము స్నేక్ నది సాకై చేపను అంతరించిపోవు ప్రాణిగా ప్రకటించెను. 1992లో రెడ్‌ఫిష్ సరస్సునకు తిరిగి వచ్చినది ఒక్కటే మగ చేప. దానికి జతలేదు. జనులు దానికి ఒంటరి లారీ అని పేరు పెట్టిరి. దాని బీజమును భద్రపరచి తరువాతి తరములకు ఉపయోగించిరి.

తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానములో కాపరి తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకబోయెను. ఇక్కడ విడిచిపోవుటకు తొంబదితొమ్మిది లేవు.

ఆనకట్టలు కట్టినవారు దుష్టులని చెప్పుట న్యాయము కాదు. వారు చీకటి ఇండ్లలో దీపములు వెలిగించిరి, ఎండిన నేలకు నీరు పారించిరి, గోధుమలను పడవలమీద రేవుకు చేర్చు దారి కల్పించిరి. ఇవి మేళ్లే. కాబట్టి మన ప్రశ్న మంచికిని చెడుగుకును మధ్యనున్నది కాదు. ఒక మేలునకును మరియొక మేలునకును మధ్యనున్నది. అందువలననే ఇది కష్టమైనది.

దేవుడు సముద్రపు చేపలను మనుష్యుని యేలుబడిక్రింద ఉంచెనని ఆదికాండము చెప్పుచున్నది గదా, ఇక ఋణమెక్కడిదని కొందరు అడుగుదురు. అయితే యేలుబడి యనగానేమి? అదే గ్రంథమున, మనుష్యునికి అధికారమియ్యకమునుపే చేపలు ఫలించునట్లు ఆశీర్వదింపబడెను. మనకిచ్చిన అధికారము ఆ ఆశీర్వాదమును కొట్టివేయుటకు ఇయ్యబడినదని తలంచుట ఎట్లు? గృహనిర్వాహకుడు ఇంటి సరకులను వాడవచ్చును గాని, యజమానుడు ఇంటిలో ఉంచినవారిని వెళ్లగొట్టుటకు వానికి సెలవు లేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. పక్షిగూడు కనబడినప్పుడు పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. తీసికొనుట నిషేధింపబడలేదు; మూలమును తెంపుట నిషేధింపబడెను. కొలంబియా తీరపు ఆదివాసులు ఈ ధర్మమును తమ రీతిగా ఆచరించుచుండిరి. ఏటేట మొదట వచ్చిన సాల్మన్‌ను భక్తితో స్వీకరించి పండుగ చేసికొనెడివారు. ఆ పండుగ ముగియువరకు వేట ఆపి, చేపలను పైకి పోనిచ్చుట అనేక జాతులలో ఆచారము. 1855నాటి ఒడంబడికలలో తమ భూములను ఇచ్చివేసినప్పుడు సహితము, అలవాటైన చోట్ల చేపలు పట్టు హక్కును వారు విడువలేదు. అయినను వేల ఏండ్లుగా వారు చేపలు పట్టుచుండిన సెలైలో జలపాతము 1957 మార్చి 10న ఒక ఆనకట్ట నీటిలో మునిగిపోయెను. కనుక చేపకు చేసిన నష్టము చేపతోనే ఆగలేదు. దానిని నమ్ముకొనిన పొరుగువానికి కూడ తగిలెను. పొరుగువాని యెడల మనకు ఋణము లేదని ఎవరు చెప్పగలరు?

తొట్లలో చేపలను పెంచుచున్నాము గదా, జాతి బ్రదికియున్నది గదా అని మరికొందరు తృప్తిపడుదురు. ఆ పెంపకమే లేనియెడల ఈ జాతి నేడు ఉండెడిది కాదు. ఆ శ్రమ కొనియాడదగినది. 2014లో 1,500కు మించిన చేపలు ఆ కొండ లోయకు తిరిగి వచ్చెను. అయితే మరుసటి సంవత్సరము, అనగా 2015లో, నదులు మితిమీరి వేడెక్కగా దారిలోనే అత్యధిక భాగము చచ్చిపోయెను. విత్తనమును డబ్బాలో దాచుట పంట కాదు. చేపను కాపాడితిమని చెప్పి దాని నదిని కాపాడనివాడు, అనాథకు అన్నముపెట్టి వాని పొలమును ఉంచుకొనినవానివలె ఉన్నాడు.

జక్కయ్య పశ్చాత్తాపము మాటలతో ఆగక, తీసికొనినదానిని తిరిగి యిచ్చుటవరకు వెళ్లెను. నదులకు తిరిగి యియ్యవచ్చునా? ఎల్వా నదిమీద 1913లోను, 1927లోను కట్టిన రెండు ఆనకట్టలను 2011 మొదలు 2014 వరకు తీసివేసిరి. క్లామత్ నదిమీద నాలుగింటిని 2024లో తీసివేయుట ముగియగా, కొలది దినములలోనే సాల్మన్ చేపలు నూరేండ్లకు పైగా తమకు మూయబడిన నీటిలోనికి ఎక్కిపోయెను. అవి పుట్టినది ఆ పైనీటిలో కాదు. అయినను తలుపు తెరువగానే లోపలికి వచ్చెను. స్నేక్ నది విషయమై 2023 డిసెంబరులో ప్రభుత్వమును, ఆదివాసులును, రెండు రాష్ట్రములును ఒక ఒప్పందమునకు రాగా, 2025 జూనులో ప్రభుత్వము దానిని విడిచిపెట్టెను. తిరిగి యిచ్చుట సాధ్యమే; అయితే అది ఖర్చుతో కూడినది. ఆ ఖర్చు రైతులమీదనో, పేద ఇంటి దీపముమీదనో మాత్రమే పడనీయక, మేలు పొందినవారందరు పంచుకొనుట న్యాయము.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు ఉత్తరమియ్యవచ్చును. ఋణము ఉపయోగమునుబట్టి కలుగదు, తీసికొనుటనుబట్టి కలుగును. మనము ఎవరి దారిని మూసితిమో వారికి ఋణస్థులము, ఆ ప్రాణి మనకు పైసా సంపాదించి పెట్టకపోయినను సరే. ఆ చేప నోరు తెరచి అడుగదు. అడుగలేనివాని బాకీని తీర్చుటయందే మన నీతి పరీక్షింపబడును. మన చెరువులోను, మన పొలములోను, మన వ్యాపారములోను తీసికొన్నదెంత, తల్లికి విడిచినదెంత అని ప్రతివాడును తన్నుతాను ప్రశ్నించుకొనును గాక.