పిలిచినది ఎవరి స్వరము?

ధ్యానభాగము: 1 సమూయేలు 3:1-10

కూటముల నిమిత్తము సూరతు వెళ్లినప్పుడు అడాజన్‌లో ఒక తెలుగు విశ్వాసి గృహమున బస చేసితిని. తాపీ నదికి ఆవలి గట్టున నున్న పేట అది. ఆ గృహస్థుడు వరంగల్లు ప్రాంతమునుండి మరమగ్గముల పనికి వచ్చి, ముప్పది యేండ్లు రేయింబవళ్లు శ్రమించి చిన్న ఇల్లు సంపాదించుకొనెను. భోజనమైన పిమ్మట తన మనోవ్యథ చెప్పుకొనెను.

“అయ్యగారూ, మా అమ్మాయి బి.కాం. ముగించింది. బట్టల మార్కెట్టులో లెక్కల ఉద్యోగం దొరికింది. దాన్ని కాదని, మళ్లీ రెండేండ్లు శిక్షణ పొంది, చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పంతులమ్మ నవుతానంటున్నది. మీరైనా చెప్పండి.”

“ఎందుకమ్మా?” అని ఆమెను అడిగితిని. పిల్లలంటే ఇష్టమని చెప్పునని తలంచితిని. ఆ జవాబు అనేకుల నోట విన్నాను. అది చాలదని నా అభిప్రాయము. నలువదిమంది పిల్లలు ఒక్కసారిగా అల్లరి చేయు మధ్యాహ్నవేళ ఇష్టము నిలువదు. బోధకులు కాగోరువారు కఠినమైన తీర్పు పొందుదురని యాకోబు హెచ్చరించుట ఊరక కాదు.

ఆమె ఇష్టము మాట ఎత్తలేదు. 2006వ సంవత్సరపు వరదను గూర్చి చెప్పెను. అప్పుడామెకు ఆరేండ్లు. ఆగస్టు నెలలో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ పొంగి, నగరములో అధికభాగమును ముంచెను. ఆ భవనములోని కుటుంబములన్నియు మేడమీదికి చేరెను. దీపము లేదు, త్రాగునీరు లేదు, పిల్లల ఏడ్పు ఆగలేదు. క్రింది వాటాలో నుండిన వృద్ధ గుజరాతీ ఉపాధ్యాయిని, తన సామానంతయు నీటిపాలైనను, పిల్లలను చేరదీసి, చేతిసంచిలోని సుద్దముక్కతో పిట్టగోడమీద అక్షరములు వ్రాసి దిద్దించెను.

“ఆ రెండు రోజులు నాకు భయం తెలియలేదండీ. ‘క’ కుదరడం లేదని బెన్ నా చేయి పట్టుకొని వ్రాయించారు. ఇప్పుడు ఏ పిల్ల తల వంచుకొని వ్రాస్తూ కనబడినా ఆమె నన్ను పిలిచినట్లే ఉంటుంది. అది దేవుని పిలుపో, నా తలపో నాకు తెలియదు.”

ప్రియ చదువరీ, సమూయేలునకును తెలియలేదు. మూడుమారులు ఏలీ పిలిచెననుకొని పరుగెత్తెను. యెహోవా స్వరము ఆ బాలునికి తన గురువు స్వరమని తోచెను. దీనిని బాలుని పొరపాటని చదివి దాటిపోవుదుము. గాని ఎరిగిన స్వరమని తోచునట్లు పిలుచుట దేవుని దయ కాదా? ఆ వృద్ధురాలు మన సంఘమునకు చెందినవారు కారు. అయినను ఎవరిచేత పిలిపింపవలెనో దేవునికి మనము చెప్పువారమా?

ఏలీ కన్నులు మందగించినవి. తన కుమారులను అదుపులో పెట్టలేకపోయెను. అట్టివాడు ఆ రాత్రి ఒక గొప్ప కార్యము చేసెను. తనయొద్దకు వచ్చిన బాలుని తనయొద్దనే నిలుపుకొనక, నిజముగా పిలిచినవాని స్వరము వినుటకు తిరిగి పంపెను. మంచి ఉపాధ్యాయుడు చేయునది ఇదే. పిల్లవాడు తనకు అంటిపెట్టుకొని యుండుట ఆయనకు సంతోషమే, అయినను పంపివేయును.

అక్షరములు నేర్పు పని చిన్నదని తండ్రి తలంచెను. హోషేయ 11:3 చూడుడి. ఎఫ్రాయిమునకు అడుగులు నేర్పితినని దేవుడే చెప్పుకొనుచున్నాడు. పసివానికి నడక నేర్పువాడు నడుము వంచక నేర్పలేడు. నీనెవెను గూర్చి మాటలాడుచు, కుడి యెడమలు తెలియని లక్ష యిరువదివేలమందిని ఆయన లెక్కపెట్టెను.

ఆ తీరమునకు ఇట్టివారు క్రొత్త కాదు. అడాజన్ ప్రక్కనే యున్న రాందేరులో గుజరాతీ కవి నర్మద్ 1852లో బడిపంతులుగా నుండెను. సూరతు నగరపాలక సంస్థ వలస కుటుంబముల బిడ్డల నిమిత్తము తెలుగు మాధ్యమ పాఠశాలలను సయితము నడుపుచున్నది. పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన స్వభాషలో వినెనని చదువు మనము, మగ్గపు కార్మికుని బిడ్డ తన తల్లి మాటలో మొదటి పాఠము వినుట స్వల్పమనగలమా?

తండ్రి చింతను మాత్రము నేను కొట్టివేయలేదు. బీదతనము ఎరిగినవాడు జీతమును గూర్చి అడుగుట అవిశ్వాసము కాదు. సేవ యను పేరు పెట్టి ఉపాధ్యాయులకు చాలీచాలని జీతమిచ్చు యాజమాన్యములు మన మధ్యనే కలవు. పనివారి కూలి మొరపెట్టునని చెప్పిన యాకోబు వారికిని వ్రాసెను. రెండేండ్ల శిక్షణ వృథాయనుట మాత్రము ఒప్పుకొనలేదు. పిలుపు కలిగినదని నేర్చుకొనుట మానరాదు. సమూయేలు ఏలీ యెదుట పరిచర్య చేయుచు పెరిగినవాడే. 2010లో అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ఉపాధ్యాయునికి నిర్ణీతమైన అర్హత యుండవలెను. అది మంచిదే, పసిబిడ్డలపై ప్రయోగములు చేయరాదు.

“మూడుమారులు వినబడినదా, అమ్మా?” అని అడిగితిని. ఆమె నవ్వి, “మూడు కాదండీ, ఇరవై యేండ్లుగా,” అనెను. తండ్రి మాటలాడలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన ఆయనే చేసెను. బట్టల మార్కెట్టు మాట ఎత్తలేదు. మేడమీద తన బిడ్డ చేయి పట్టుకొని దిద్దించిన ఆ వృద్ధురాలి కొరకు ప్రభువునకు స్తుతులు చెల్లించెను. పిమ్మట కొంతసేపు ఆగి, శిక్షణకు దరఖాస్తు పెట్టు ఆఖరు తేది ఎప్పుడని, కన్నులు మూసికొనియే, కుమార్తెను అడిగెను.